‘ఆయన గెలిస్తే దేశం వదిలేస్తా’

ఎన్నికల్లో ఫలానా నాయకుడు గెలిస్తే ఈ దేశంలో ఉండబోమని పేరున్నవాళ్లు బాహాటంగా ప్రకటించడం ఇప్పుడు చాలా దేశాల్లో ఎన్నికల సందడిలో భాగమైపోయింది. నటులు, గాయకులు, రచయితలు, మాజీ మంత్రులు కూడా ఈ మాట అంటారు. పోలింగుకు ముందు అంటారు. లెక్కింపు అయ్యాక అదే మాట వాళ్లను వెంటాడుతుంది. తమ వ్యతిరేకత ఎంత తీవ్రమో చెప్పుకోవడం ఒక ఉద్దేశం, తమను అభిమానించే ఓటరును కదిలించడం మరో ఉద్దేశం. మాట నిలబెట్టుకున్నవాళ్లు తక్కువ. అయినా దీన్ని ఉత్త ప్రగల్భమని తోసిపుచ్చడానికి వీల్లేదు. ప్రభుత్వం మారడానికీ దేశం మారడానికీ ఉన్న తేడా జనం మనసుల్లో ఎక్కడ చెరిగిపోతోందో ఈ మాట పట్టి చూపుతుంది. ఆ తేడాను సంతకాలతో సహా అనుభవించిన తెలుగు నేల ఒకటుంది. కాకినాడకు దక్షిణాన గోదావరి ఒడ్డునున్న యానాం, దాని పరిధిలోని అడవిపొలం, కనకాలపేట, మెట్టకూరు లాంటి పల్లెలే ఆ నేల.

పారిస్ నుంచి ఐర్లండ్ దాకా

ఈ తరహా ప్రకటనలకు బాగా ప్రచారం తెచ్చింది 2000 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నిక. జార్జ్ బుష్ గెలిస్తే ఫ్రాన్సు వెళ్లిపోతానని దర్శకుడు రాబర్ట్ ఆల్ట్‌మన్ అన్నారు. బుష్ గెలిచాక, తాను చెప్పింది టెక్సస్ రాష్ట్రంలో ఉన్న పారిస్ అనే ఊరి గురించని సర్దుకున్నారు. అదే ఏడు అదే మాట అన్న పియర్ శాలింజర్ మాత్రం నిజంగానే వెళ్లారు. ఆయన జాన్ కెనెడీకి పత్రికా కార్యదర్శిగా పనిచేసినవారు, 1964లో కొద్ది నెలలు సెనేటర్‌గా ఉన్నవారు, తర్వాత ఏబీసీ టెలివిజన్ పాత్రికేయుడు. తల్లి ఫ్రెంచి మహిళ. భాష వచ్చు, బంధుత్వం ఉంది, వయసు డెబ్భై ఐదుకు చేరింది. దక్షిణ ఫ్రాన్సులోని ల తోర్ అనే చిన్న ఊళ్లో స్థిరపడి 2004 అక్టోబరులో ఫ్రాన్సులోనే కన్నుమూశారు. అంత్యక్రియలు మాత్రం అమెరికాలోని ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో జరిగాయి. ప్రభుత్వం మీద అలిగి వెళ్లిన మనిషి దేశంతో తెగతెంపులు చేసుకోలేదన్నమాట. ఈ విషయంలో శాలింజర్ జీవితం చెప్పినంత స్పష్టంగా మరొకరిది చెప్పదు.

2016లో డొనాల్డ్ ట్రంప్ బరిలోకి దిగాక ఈ ప్రకటనలు వెల్లువెత్తాయి. బార్బ్రా స్ట్రైసండ్, మైలీ సైరస్, ఏమీ షూమర్, బ్రయన్ క్రాన్‌స్టన్, శామ్యూల్ జాక్సన్, లీనా డన్‌హమ్ ఇలా జాబితా పెద్దది. కెనడాలోని కేప్ బ్రెటన్ దీవిలో ఒక రేడియో వ్యాఖ్యాత, ట్రంప్ గెలిస్తే మా దీవికి రండంటూ ఓ వెబ్‌సైటే తెరిచారు. జనం ఎక్కువై జీవనోపాధి వెతుక్కునే ఊరు కాదది, జనం తగ్గిపోతున్న దీవి. పిలుపులో ఆ అవసరమూ ఉంది. నవంబరు 8 రాత్రి ఫలితాలు వెలువడుతుండగా తాకిడికి తట్టుకోలేక కెనడా వలస విభాగం వెబ్‌సైట్ నిలిచిపోయింది. కానీ పైన పేర్కొన్న ప్రముఖుల్లో ఎవరూ ఆ ఫలితం కారణంగా ఇల్లు మార్చలేదు. ఫలితాన్ని అంగీకరిస్తున్నానని సైరస్ మర్నాడే కన్నీళ్లతో వీడియో పెట్టారు.

2024లో కథ కొంత మారింది. హాస్యనటి రోజీ ఓడానెల్ ముందస్తు ప్రకటనేదీ లేకుండా 2025 జనవరి 15న, అంటే ట్రంప్ ప్రమాణ స్వీకారానికి ఐదు రోజుల ముందు, బిడ్డను తీసుకుని ఐర్లండ్ వెళ్లిపోయారు. విషయం లోకానికి తెలిసింది మార్చిలో. తాత, అమ్మమ్మల తరం ఐర్లండులో పుట్టి ఉంటే మనవలకు పౌరసత్వం ఇచ్చే ఏర్పాటు ఆ దేశంలో ఉంది. ఆమె ఆ దారి పట్టారు. జులైలో ట్రంప్ ఆమె అమెరికా పౌరసత్వాన్ని రద్దు చేయడం గురించి తీవ్రంగా ఆలోచిస్తున్నానని ప్రకటించారు. అమెరికా గడ్డ మీద పుట్టిన మనిషి పౌరసత్వాన్ని ప్రభుత్వం తనంతట తాను లాగేసుకోకూడదని అక్కడి సుప్రీంకోర్టు 1967లోనే తేల్చింది. అయినా దేశాధినేత నోట ఆ మాట రావడం చిన్న విషయం కాదు. టీవీ వ్యాఖ్యాత ఎలెన్ డిజెనరస్ ఇంగ్లండులోని కాట్స్‌వోల్డ్స్ ప్రాంతానికి ఏడాదిలో కొన్ని నెలలు ఉండిపోదామని ఎన్నికల ముందు రోజు చేరుకున్నారు. ఫలితం చూశాక అక్కడే ఉండాలని నిర్ణయించుకున్నట్టు తర్వాత చెప్పారు.

ఫ్రాన్సులో ఇదే వ్యవహారం పన్నుల చుట్టూ తిరిగింది. 2012 మేలో ఫ్రాన్సువా ఒలాండ్ అధ్యక్షుడయ్యారు. పది లక్షల యూరోలు దాటిన ఆదాయం మీద 75 శాతం పన్ను వేస్తామన్నది ఆయన ఎన్నికల వాగ్దానం. నటుడు జెరార్ దెపార్దియు సరిహద్దుకు ఆనుకునే ఉన్న బెల్జియం గ్రామం నెషాంలో ఇల్లు కొన్నారు. ప్రధానమంత్రి దాన్ని నీచమైన పని అన్నారు, దెపార్దియు పాస్‌పోర్టు తిరిగిచ్చేస్తానని బదులిచ్చారు, 2013 జనవరిలో పుతిన్ ఆయనకు రష్యా పౌరసత్వం ఇచ్చారు. ఆ పన్నును ఆనాటి రూపంలో రాజ్యాంగ మండలి 2012 డిసెంబరు చివర్లోనే కొట్టేసింది. డబ్బు కోసం దేశం దాటడాన్ని, భయంతో దేశం దాటడాన్ని ఒకే గాటన కట్టకూడదు. రెండిటికీ ఒకే వాక్యం వాడుకలో ఉండటం వల్ల భయపడ్డవాడి మాటకూ విలువ తగ్గిపోతోంది.

కరాచీ టికెట్

మన దేశంలో ఈ మాటకు అత్యంత భారీ మూల్యం చెల్లించినవారు కన్నడ రచయిత, జ్ఞానపీఠ గ్రహీత యు.ఆర్.అనంతమూర్తి. నరేంద్ర మోదీ పాలించే దేశంలో బతకాలని లేదని 2013 సెప్టెంబరులో ఆయన అన్నారు. అప్పటికి వయసు ఎనభై, ఆరోగ్యం బాగోలేదు. అది ఉద్వేగంలో అన్న మాటనీ, తాను వెళ్లేచోటు వేరే లేదనీ తర్వాత వివరించారు. వివరణను ఎవరూ వినిపించుకోలేదు. 2014 మేలో ఫలితాలు రాగానే మోదీ అభిమానుల బృందమొకటి ఆయన పేరిట కరాచీకి విమానం టికెట్ తీయించింది. ఇంటికి పోలీసు కాపలా పెట్టాల్సి వచ్చింది. ఆగస్టు 22న ఆయన మరణించినప్పుడు కర్ణాటకలో కొన్నిచోట్ల బాణసంచా కాల్చారు. కన్నడ సాహిత్యానికి లోటని సంతాపం తెలిపినవారిలో ప్రధాని మోదీ కూడా ఉన్నారు. ఎవరి గెలుపును ఊహించి రచయిత ఆ మాట అన్నారో ఆ గెలిచిన మనిషి పాటించిన మర్యాద, ఆయన పేరు చెప్పుకుని టపాసులు కాల్చినవాళ్లకు లేకపోయింది.

ఆ ఎన్నికల్లోనే బిహార్ నేత గిరిరాజ్ సింగ్ మోదీని వ్యతిరేకించేవారి చోటు పాకిస్తాన్‌లోనే అన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. ఎన్నికల సంఘం ఆయనను బిహార్, ఝార్ఖండ్‌లలో ప్రచారం చేయకుండా నిలువరించింది. ‘పోతాను’ అనేవాడూ, ‘పో’ అనేవాడూ ఒకే పొరపాటు మీద నిలబడ్డారు: గెలిచినవాడిదే దేశమని ఇద్దరూ ఒప్పుకున్నట్టే. అయితే ఈ రెండూ సమానం కావు. మొదటివాడు తన గురించి మాట్లాడుతున్నాడు. రెండోవాడు పక్కవాడి హక్కును కాదంటున్నాడు. దేశానికి ఎక్కువ హాని చేసేది రెండో మాటే.

మాజీ ప్రధాని దేవెగౌడ చేసిన సవాలు మరో తీరుది. బీజేపీ సొంతంగా 276 స్థానాలు గెలిస్తే లోక్‌సభకు రాజీనామా చేస్తానన్నానని, 282 గెలిచాక మాట ప్రకారం రాజీనామాకు సిద్ధపడితే మోదీయే వారించారని 2021లో ఆయన స్వయంగా చెప్పారు. 2013 జనవరిలో కమలహాసన్ అన్న మాటను కొందరు ఈ కోవలో చేరుస్తారు గానీ అది ఎన్నికకు సంబంధించింది కాదు. ‘విశ్వరూపం’ సినిమాను తమిళనాడు ప్రభుత్వం నిషేధించినప్పుడు, ఆస్తి తాకట్టు పెట్టి సినిమా తీసిన మనిషి పడ్డ ఆవేదన అది.

మీసం, పేరు, సభ

తెలుగు రాజకీయాల్లో శపథాలకు కొదవ లేదు. కానీ వాటిలో దేశం పేరు దాదాపుగా వినిపించదు. మీసం తీయించుకుంటా, గుండు కొట్టించుకుంటా, పేరు మార్చుకుంటా, రాజకీయ సన్యాసం తీసుకుంటా, మళ్లీ ఈ సభలో అడుగుపెట్టను అంటారు. ఒడ్డేది నలుగురి ముందు తనకున్న పరువు. కోడిపందేల బరిలో లాగే ఎన్నికల ఫలితం మీదా లక్షలు కాసే గోదావరి జిల్లాల్లో ఈ ధోరణి మరీ ఎక్కువ. దేశం విడిచిపోతానంటే ఊళ్లో వాళ్లకు అది తమతో సంబంధం లేని బెదిరింపుగా తోస్తుంది. పేరు మార్చుకుంటానంటే రేపటినుంచి ఏమని పిలవాలో ప్రతి ఒక్కరికీ పని పడుతుంది.

యానాంకు దగ్గర్లోనే దీనికి తిరుగులేని ఉదాహరణ ఉంది. కాపు ఉద్యమ నేత, మాజీ మంత్రి ముద్రగడ పద్మనాభం 2024 ఎన్నికల ముందు వైఎస్సార్ కాంగ్రెస్‌లో చేరారు. పిఠాపురంలో పవన్ కల్యాణ్‌ను ఓడించకపోతే తన పేరు పద్మనాభ రెడ్డిగా మార్చుకుంటానని సవాలు చేశారు. జూన్ 4న లెక్కింపులో పవన్ కల్యాణ్ 70,279 ఓట్ల ఆధిక్యంతో వంగా గీతపై గెలిచారు. ముద్రగడ మర్నాడే మాటకు కట్టుబడి ఉన్నానన్నారు, దరఖాస్తు పెట్టుకున్నారు, అదే నెలలో ముద్రగడ పద్మనాభ రెడ్డి పేరుతో ప్రభుత్వ గెజిట్ వెలువడింది. ఆ సవాలులో కులం పేరును ఓటమికి గుర్తుగా వాడటం సబబు కాదు. ఏ కులం పేరూ ఎవరికీ శిక్ష కాకూడదు. కానీ అన్న మాటను చట్టప్రకారం అమలు చేసి చూపిన రాజకీయ నాయకుడిగా ఆయనకు దక్కాల్సిన గౌరవం దక్కాలి.

చంద్రబాబు నాయుడు 2021 నవంబరు 19న, మళ్లీ ముఖ్యమంత్రిగానే వస్తానని చెప్పి శాసనసభ నుంచి వెళ్లిపోయారు. 2024 జూన్ 21న ముఖ్యమంత్రిగా సభలో అడుగుపెట్టారు. లగడపాటి రాజగోపాల్ రాష్ట్రం విడిపోతే రాజకీయాలు వదిలేస్తానన్నారు. 2014 ఫిబ్రవరిలో లోక్‌సభ విభజన బిల్లును ఆమోదించడంతో వదిలేశారు, ఆ తర్వాత పోటీ చేయలేదు. 2018, 2019 ఎన్నికల్లో తన సర్వేలు వరసగా తప్పడంతో ఇక సర్వేలు చేయనని కూడా ప్రకటించారు. వీటికి భిన్నంగా, 2018 తెలంగాణ ఎన్నికల్లో కాంగ్రెస్ గెలవకపోతే బ్లేడుతో గొంతు కోసుకుంటానని నిర్మాత బండ్ల గణేశ్ టీవీలో అన్నారు. అది కార్యకర్తల్లో ఉత్సాహం నింపడానికి అన్నదని ఫలితాల తర్వాత వివరించారు. నాయకుల కోసం, నటుల కోసం అభిమానులు ప్రాణాలు తీసుకున్న చరిత్ర ఉన్న రాష్ట్రాల్లో ఇలాంటి మాట ఏ ఉద్దేశంతోనూ అనకూడదు.

వదలడమంటే ఏమిటి

దేశం విడిచిపోవడం అన్న ఒక్క మాటలో మూడు వేర్వేరు పనులున్నాయి. ఒకటి, వేరే దేశంలో కాపురం పెట్టడం. రెండు, అక్కడి పౌరసత్వం తీసుకోవడం. మూడు, ఇక్కడి పౌరసత్వం వదులుకోవడం. ప్రముఖుల ప్రకటనల్లో ఈ మూడూ కలగాపులగంగా ఉంటాయి. అమెరికన్లకు మొదటి రెండిటి వల్ల మూడోది తప్పనిసరి కాదు. విదేశంలో ఉన్నా వాళ్లు ఓటు వేయవచ్చు, ఆదాయపు పన్ను లెక్కలూ చూపాల్సిందే. భారతీయులకు ఆ వెసులుబాటు లేదు. రాజ్యాంగం 9వ అధికరణం, 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం స్వచ్ఛందంగా మరో దేశ పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది. దానితో ఓటు పోతుంది. విదేశీ పౌరులైన భారత మూలాలవారికిచ్చే ఓసీఐ కార్డు రాకపోకలకు, ఆస్తికి, ఉద్యోగానికి కొంతమేర ఉపయోగపడుతుంది గానీ ఓటు హక్కు ఇవ్వదు. భారత పాస్‌పోర్టుతోనే విదేశాల్లో ఉంటున్నవారికి 2010 నాటి సవరణ ఓటరు జాబితాలో చోటు కల్పించింది. అయితే ఓటు వేయడానికి స్వయంగా సొంతూరి పోలింగ్ కేంద్రానికి రావాలి.

ఫలితం నచ్చక వెళ్లిపోయి మరో దేశ పౌరసత్వం తీసుకున్నవాడు భారతీయుడైతే, ఆ ఫలితాన్ని తర్వాతి ఎన్నికలో మార్చే శక్తిని కూడా వదులుకుని వెళ్తున్నట్టే. ఈ సంగతి ఏ ప్రకటనలోనూ వినిపించదు. నిజంగా పౌరసత్వం వదులుకునే లక్షలమందీ ప్రకటనలు చేయరు. కేంద్రం పార్లమెంటుకు ఇచ్చిన లెక్కల్లో 2022లో 2,25,620 మంది, 2023లో 2,16,219 మంది, 2024లో 2,06,378 మంది భారత పౌరసత్వం విడిచారు. ఉద్యోగం, పిల్లల చదువు, ఏళ్ల తరబడి వీసా క్యూల్లో పడ్డ అవస్థ వీళ్లను నడిపించాయి. గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసే తెలుగు కుటుంబాలకు అమెరికా ఎన్నికల ఫలితం అంటే వీసా నిబంధనలు ఎటు మారతాయన్న బెంగ. పిల్లలకు అక్కడి పాస్‌పోర్టు, తల్లిదండ్రులకు మూడేళ్లకోసారి పొడిగింపు. ఫలితం నచ్చలేదని సామాను సర్దుకునే స్వేచ్ఛ వాళ్లకు లేదు, ఓటు వేసే హక్కూ లేదు. ఎన్నికల వల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోయేవాళ్లకే వెళ్లిపోయే దారి అందరికన్నా ఇరుకు. ప్రముఖుల మాటలు సామాన్యుడికి గుచ్చుకునేది ఇక్కడే.

దేశమే వెళ్లిపోయిన చోటు

యానాంలో ఈ వ్యవహారం తలకిందులుగా జరిగింది. మనుషులు ఉన్నచోటే ఉన్నారు, దేశం మారింది. 1723లో ఫ్రెంచివాళ్లు ఇక్కడ అడుగుపెట్టారు. వదిలి వెళ్లడం, తిరిగి రావడం, ఇంగ్లిషువాళ్ల చేతికి పోవడం, మళ్లీ దక్కడం అన్నీ అయ్యాక 1954 దాకా పాలించారు. మొత్తం విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లే. చుట్టూ బ్రిటిష్ ఇండియా. అడవిపొలం మనిషికి పరదేశం వెళ్లడమంటే కాసేపటి నడక. చట్టం మారితే సరిహద్దు దాటడం కూడా ఇక్కడ కొత్త కాదు: 1929లో శారదా చట్టం బాల్యవివాహాలను నిషేధించాక, ఆ చట్టం వర్తించని యానాంకు బయటి కుటుంబాలు వచ్చి పెళ్లిళ్లు జరిపించేవి. కళ్యాణపురమన్న పేరు అలా వచ్చింది. ఆ పెళ్లిళ్లలో చిన్నపిల్లలు నష్టపోయారన్నది మరవకూడదు. పరాయి చట్టం నీడ అన్నిసార్లూ మంచికే పనికిరాదు.

స్వాతంత్ర్యం తర్వాత ఫ్రెంచి స్థావరాల భవితవ్యాన్ని ప్రజలే తేల్చాలని 1948లో రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి. బెంగాల్‌లోని చందర్‌నగర్ 1949 జూన్‌లో ఓటు వేసి భారత్ వైపు మొగ్గింది: అనుకూలంగా 7,473, వ్యతిరేకంగా 114. యానాంలో అలాంటి జనాభిప్రాయ సేకరణ జరగలేదు. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో భారత అనుకూలవాదులు కాకినాడ వైపు నుంచి వచ్చి పాలనా భవనాలను స్వాధీనం చేసుకున్నారు. అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గరి కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధులు ఓటు వేశారు. 170 మంది విలీనానికి అనుకూలం, 8 మంది వ్యతిరేకం. నవంబరు 1న పాలన చేతులు మారింది.

కానీ చట్టం దృష్టిలో దేశం అప్పుడే మారిపోలేదు. 1956 మే 28న సంతకాలైన ఒప్పందాన్ని ఫ్రెంచి పార్లమెంటు ఆమోదించేసరికి 1962 వచ్చింది. ఆగస్టు 16న అది అమల్లోకి వచ్చింది. ఆ ఎనిమిదేళ్లూ భారత్ పాలిస్తున్నా, యానాం ఫ్రెంచి పౌరులు ఫ్రెంచి పౌరులుగానే ఉన్నారు. ఒప్పందం వాళ్లకు ఆరు నెలలు గడువిచ్చింది. అక్కడే పుట్టి అక్కడే ఉంటున్న ఫ్రెంచి పౌరుడు ఏమీ చేయకుండా ఊరుకుంటే భారతీయుడవుతాడు. ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకోవాలంటే రాతపూర్వకంగా ప్రకటన ఇవ్వాలి. 1963 ఫిబ్రవరి నడిమితో ఆ గడువు ముగిసింది. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం నాలుగింటా కలిపి మూడున్నర లక్షలకు పైగా జనాభాలో ఆ కాగితం ఇచ్చినవారు కొన్ని వేల మందే. ఫ్రెంచి సైన్యంలోనో కొలువుల్లోనో పనిచేసి పింఛను ఎదురుచూసేవాళ్లు, ఫ్రెంచి చదువు చదివినవాళ్లు వారిలో ఎక్కువ. మిగతావాళ్లలో కొందరు ఇష్టపడే ఊరుకున్నారు, కొందరికి ఆ కాగితం విలువ అప్పటికి తెలియదు.

సంతకం చేసినవాళ్లు ఇల్లు కదల్లేదు. అదే వీధి, అదే చేను, అదే మంగళవారం సంత. పొరుగువాడు భారత పౌరుడై ఓటరు జాబితాలో చేరాడు. వీళ్లు సొంతూళ్లో విదేశీయులై భారత ఎన్నికల్లో ఓటు పోగొట్టుకున్నారు. ప్రముఖులు చేస్తామని చెప్పి చేయని పనిని, ఏ ప్రకటనా లేకుండా, ఊరు విడవకుండానే చేసినవాళ్లు వీళ్లు. ఆ నిర్ణయం వెనక ఎవరి గెలుపోటములూ లేవు. పింఛను, పిల్లల భవిష్యత్తు, తెలిసిన చట్టం మీద నమ్మకం ఉన్నాయి. ఆ సంతకాన్ని దేశద్రోహంగా చూడటం తప్పు, సంతకం చేయనివాళ్లను అమాయకులుగా చూడటం అంతకన్నా తప్పు.

భారత పౌరులైనవాళ్ల యానాం పుదుచ్చేరి శాసనసభలో ఒక స్థానం. రాజధాని 800 కిలోమీటర్లకు పైగా దూరంలో, తమిళనాడు నేల మధ్యలో ఉంటుంది. 1996 నుంచి వరసగా ఐదుసార్లు మల్లాడి కృష్ణారావు ఇక్కడ గెలిచారు. 2021లో ఆయన తప్పుకుని, ముఖ్యమంత్రి అభ్యర్థిగా ఉన్న ఎన్.రంగసామిని పోటీకి తెచ్చి మద్దతిచ్చారు. స్వతంత్ర అభ్యర్థి గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ 655 ఓట్ల తేడాతో రంగసామిని ఓడించారు. రంగసామి తట్టాంచావడిలో గెలిచి ఉండటంతో ముఖ్యమంత్రి అయ్యారు. యానాం ఓటరు ఎవరిని కాదన్నాడో ఆయనే యానాంను పాలించారు. చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్, పాలించేది పుదుచ్చేరి, మాట్లాడేది తెలుగు. ఫలితం ఎటు తిరిగినా బతుకు ఇక్కడే గడవాలన్నది ఈ ప్రాంతానికి పాత అనుభవం.

ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకున్నవారి వారసులకు ఫ్రాన్సు ఎన్నికల్లో ఓటుంది. 2022 అధ్యక్ష ఎన్నికల్లో పుదుచ్చేరి, తమిళనాడు, కేరళల్లో కలిపి నాలుగున్నర వేలకు పైగా ఫ్రెంచి ఓటర్లున్నారు. విదేశాల్లోని తన పౌరుల కోసం ఫ్రాన్సు 11 పార్లమెంటు నియోజకవర్గాలు ఏర్పాటు చేసింది. 2012లో తొలిసారి వాటికి ఎన్నికలు జరిగాయి. భారత్ ఉన్నది పదకొండోదానిలో, రష్యా, చైనా, ఆస్ట్రేలియాలతో పాటు. ఈ హక్కు ఎవరికి దక్కుతుందన్నది ఇప్పటికీ చాలామటుకు 1962-63 నాటి ఆ ప్రకటన మీదే ఆధారపడి ఉంది. తాతగారు గడువులోగా సంతకం చేసి ఉంటే మనవడు ఫ్రాన్సు అధ్యక్షుణ్ని ఎన్నుకోగలడు. తాతగారి తమ్ముడు ఊరుకుని ఉంటే ఆయన మనవడు యానాం శాసనసభ్యుణ్ని ఎన్నుకుంటాడు. తర్వాతి ఫ్రెంచి అధ్యక్ష ఎన్నిక 2027లో జరగాల్సి ఉంది.